నూజివీడు మామిడి సీమలో పల్లె శ్మశానాలు: నమోదు, రక్షణ

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, బాపులపాడు, విస్సన్నపేట, రెడ్డిగూడెం మండలాల్లో పరుచుకున్న మామిడి తోటల సీమలో పాత సమాధులు మూడు రకాల చోట్ల కనిపిస్తాయి. కొన్ని ఊరి పోరంబోకులో, కొన్ని చర్చిలు, మసీదుల ఆధీనంలోని స్థలాల్లో, మిగిలినవి రైతుల సొంత తోటల్లో ఉంటాయి. మొదటి రెండింటికి ఎక్కడో ఒకచోట కాగితం దొరుకుతుంది. మూడోదానికి సాధారణంగా కుటుంబ జ్ఞాపకమే ఆధారం. తాత నాటిన బంగినపల్లి చెట్టు కింద తాతనే పూడ్చారన్న సంగతి మనవడికి తెలుసు. అతని దగ్గర తోట కొన్నవారికి తెలియకపోవచ్చు.

ఇక్కడి సమాధులు చాలావరకు ఇటుక, సున్నం, నాపరాయి, మట్టితో కట్టినవి. తలవైపు ఒక రాయి, కాళ్లవైపు ఒక రాయి పాతి వదిలేసినవి అంతకన్నా ఎక్కువ. పురావస్తు శాఖ రక్షిత కట్టడాల జాబితాకు ఎక్కే హంగు వీటిలో ఏ కొద్దివాటికో తప్ప లేదు. కాబట్టి ఈ సీమలో శ్మశాన రక్షణ ప్రహరీ గోడతోనో రాతి మరమ్మతుతోనో మొదలుకాదు. ఫలానా సర్వే నంబరులో, ఫలానా చోట, ఫలానా మనిషి ఉన్నాడని రాసి పెట్టడంతో మొదలవుతుంది. రాత లేనిచోట గోడ కట్టినా, ఆ గోడ ఎవరి కోసమో పాతికేళ్లకు ఎవరికీ గుర్తుండదు.

ఆచారాలు, ఆనవాళ్లు

దహనం సంప్రదాయంగా ఉన్న కుటుంబాల్లోనూ పసిపిల్లలను పూడ్చిపెట్టడమే ఆచారం. ఊరి వల్లకాటిలో వాగు గట్టున కనిపించే చిన్న చిన్న దిబ్బల్లో చాలా భాగం అవే. వాటికి రాయి పెట్టే అలవాటు దాదాపు లేదు. జంగాలు, ఇతర వీరశైవులు మృతదేహాన్ని కూర్చున్న భంగిమలో, అరచేతిలో ఇష్టలింగంతో పూడ్చి పైన గద్దె కడతారు. దళితవాడల్లో పూడ్చడమే తరతరాల పద్ధతి. లంబాడీ తండాల్లో పెళ్లయినవారిని దహనం చేసి, పెళ్లికానివారిని పూడ్చే ఆనవాయితీ ఉంది. ముస్లిముల గోరీలు మన దేశంలో ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. తల ఉత్తరానికి, ముఖం పడమటికి తిప్పి ఉంచుతారు. రాత ఏమీ లేని సమాధి ఎవరిదో తేల్చడానికి దిక్కు చాలా సాయపడుతుంది. అందుకే నమోదులో ప్రతి సమాధికీ దిక్సూచితో దిక్కు చూసి రాయాలి.

క్రైస్తవుల సమాధుల తోటలు ఈ మెట్ట ప్రాంతంలో పంతొమ్మిదో శతాబ్ది రెండో సగం నుంచి పెరిగాయి. చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం వచ్చారు. వాళ్లు మొదట పట్టణంలో చదువుకున్న వర్గాల మీద దృష్టి పెట్టారు. పల్లెల్లో కదలిక 1859లో వచ్చింది. ఆ ఏడాది నందిగామ దగ్గరి రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య, మిషనరీ డార్లింగ్ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన ద్వారా మాలపల్లెల్లో సంఘాలు ఏర్పడ్డాయి, సంఘం వెంట సమాధుల తోట వచ్చింది. అంతకుముందు శిలమీద పేరు చెక్కించుకోవడమన్న ఊహ కూడా లేని కుటుంబాలకు ఒక రాయి, దానిమీద పేరు, జననం, మరణం, 'ప్రభువునందు నిద్రించెను' అన్న మాట దక్కాయి. దళిత కుటుంబాల చరిత్రకు ఊళ్లో మిగిలిన తొలి తెలుగు రాతపూర్వక సాక్ష్యం చాలాచోట్ల ఈ పలకలే. ఈ సీమలో మొట్టమొదట నమోదు చేయాల్సినవి ఇవేనని ఈ వ్యాసకర్త దృఢమైన అభిప్రాయం.

నూజివీడు పట్టణంలో సెవెంత్ డే ఎడ్వెంటిస్టులు 1925లో నెలకొల్పిన గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి, కథోలిక విచారణలు, తర్వాత పుట్టిన స్వతంత్ర సంఘాలు కూడా ఈ చరిత్రలో భాగమే. ఒకే ఊరి సమాధుల తోటలో నాలుగు సంఘాలవారు పక్కపక్కన ఉండటం మామూలు.

ఇంకా వెనక్కి వెళ్తే, తెలుగు నేలమీద ఇనుప యుగపు సమాధులున్నాయి. వలయాకారంగా పేర్చిన బండరాళ్లు, బండలతో కట్టిన గదులు. జనం వీటిని రాకాసి గుళ్లనీ పాండవుల గుళ్లనీ పిలుస్తారు. నాగార్జునసాగర్ నీటిలో మునగబోయే లోయలో 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల్లో ఇలాంటి సమాధులు బయటపడ్డాయి. వాటి నమూనాను నాగార్జునకొండ మీద తిరిగి నిలబెట్టారు. మెట్ట తోటల్లో వలయంగా ఉన్న పెద్ద రాళ్లు ఎక్కడ కనబడినా దున్నకముందే ఫొటో తీసి పురావస్తు శాఖకు తెలపాలి. చదును చేసేటప్పుడు ఆ రాళ్లను గట్టుకు దొర్లించడం క్షణాల పని. ఆ తర్వాత అది సమాధి అని నిరూపించడం ఎవరివల్లా కాదు.

ఇదివరకు ఎవరిని రాశారు

కృష్ణా జిల్లాలో సమాధుల నమోదు కొత్త విషయం కాదు. కాకపోతే ఎవరి సమాధులను నమోదు చేశారన్నది చూడాలి. మచిలీపట్నంలో డచ్చివారు 1605లో వర్తక స్థావరం పెట్టారు. వారి శ్మశానంలోని శిలాఫలకాల మీద వంశచిహ్నాలు, డచ్చి భాషలో పొడవాటి రాతలు ఉన్నాయి. పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే 1897లో మద్రాసు రాజధానిలోని డచ్చి కట్టడాల మీద ప్రత్యేక గ్రంథమే ప్రచురించాడు. ఆ శ్మశానం ఇప్పుడు భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉంది. జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో మద్రాసు రాజధాని అంతటా ఉన్న సమాధి శాసనాల జాబితా తయారుచేశాడు. అందులోవి ప్రధానంగా ఐరోపావారి సమాధులు. 1976లో థియోన్ విల్కిన్‌సన్ లండన్‌లో స్థాపించిన దక్షిణాసియా శ్మశానాల బ్రిటిష్ సంఘం ఆ పనిని దేశమంతటా కొనసాగించింది. అది సేకరించిన వివరాలు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. నూజివీడుకు దగ్గరలోని కొండపల్లి కోట 1766లో ఇంగ్లీషువారి చేతికి చిక్కింది. అక్కడ వారి పటాలం బసకు పక్కనే సమాధులు కూడా మిగిలాయి.

రాబర్ట్ సూయెల్ 1882లో ప్రచురించిన ప్రాచీన అవశేషాల జాబితా, గోర్డన్ మెకంజీ 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్, అంతకు ముందు 1870ల మొదట్లో జిల్లా అధికారి బాస్వెల్ రాసిన నివేదికలు ఈ ప్రాంతపు పరిశోధకుడు మొదట తిరగేయాల్సినవి. గుళ్లు, శాసనాలు, స్తూపాలు, కోటలు వీటిలో ఉన్నాయి. పల్లె వల్లకాడు వాళ్ల దృష్టికి చరిత్రగా ఆనలేదు. మూడున్నర శతాబ్దాల కింద బందరులో చనిపోయిన డచ్చి వర్తకుడి పుట్టిన ఊరు ఇవాళ మనకు తెలుసు. నూజివీడు తోటలకు బావులు తవ్వి, కావిళ్లతో నీళ్లు మోసి మొక్కలు బతికించిన మనిషి ఎక్కడ పడుకున్నాడో తెలియదు. ఈ లోటును ఇప్పటికైనా పూడ్చుకోవాలి.

ఇది మన ఒక్క సీమ సమస్యే కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవారందరినీ హోదా భేదం లేకుండా స్మరించాలని 1917లో ఏర్పడిన యుద్ధ సమాధుల సంస్థ, తన సొంత రికార్డులను పరిశీలించి 2021లో నివేదిక ఇచ్చింది. భారతీయ, ఆఫ్రికన్ సైనికులను వేల సంఖ్యలో మిగతావారితో సమానంగా స్మరించలేదని, కొందరి పేర్లు అసలు రాయనే లేదని అందులో ఒప్పుకుంది. అంత పెద్ద వ్యవస్థ వందేళ్ల తర్వాత మొదలుపెట్టిన పేర్ల వెతుకులాట పల్లెల్లో ఇప్పుడే మొదలుపెడితే చాలా సులువు. పేర్లు తెలిసిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు.

భూమి రికార్డులో శ్మశానం

నూజివీడు ప్రాంతం ఒకప్పుడు మేకా అప్పారావు వంశీయుల జమీందారీ. ఈ విషయం శ్మశానాల చరిత్రకు నేరుగా సంబంధించినది. రైత్వారీ తాలూకాల్లో పంతొమ్మిదో శతాబ్దిలోనే సర్వే జరిగి ప్రతి పోరంబోకుకూ నంబరు పడింది. జమీందారీ గ్రామాల్లో లెక్కలు ఎస్టేటు కచేరీలో, కరణం దఫ్తరంలో ఉండేవి. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం, ఊరి ఉమ్మడి వాడకానికి విడిచిన భూములను సేద్యపు భూముల నుంచి వేరుగా చూసింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక ఆ ఉమ్మడి భూములు ప్రభుత్వపరమయ్యాయి, గ్రామాలకు సర్వే, సెటిల్‌మెంట్ జరిగింది. ఆ సమయంలో కరణం చూపించిన వల్లకాడు 'శ్మశానం పోరంబోకు'గా రికార్డుకెక్కింది. చూపించనిది అనాధీనంగానో గయాళుగానో మిగిలింది, లేదా పక్క రైతు పట్టాలో కలిసిపోయింది. ముఖ్యంగా ఊరికి దూరంగా విసిరేసినట్టుండే పేటల వాళ్లు పూడ్చుకునే చోట్లు అలా తప్పిపోయాయి. వాళ్ల తరఫున కచేరీకి వెళ్లి చెప్పగలిగిన వాళ్లు ఆ రోజుల్లో లేరు.

కనుక ఒక శ్మశానం చరిత్ర వెతికేవారు సెటిల్‌మెంట్ రిజిస్టరుతో మొదలుపెట్టాలి. రెవెన్యూ కార్యాలయాల్లో డైగ్లాట్ అనే ఈ పుస్తకంలో సర్వే నంబరు, విస్తీర్ణం, వర్గీకరణ ఉంటాయి. దాన్ని గ్రామ పటంతో, ఆ నంబరు ఎఫ్.ఎం.బి. (క్షేత్ర కొలతల పుస్తకం) పటంతో, ఇప్పటి అడంగల్‌తో పోల్చాలి. మొదట ఎకరం చూపి తర్వాత అరవై సెంట్లయిన నంబరు ఉంటే, మిగతా నలభై సెంట్లు ఏ ఉపవిభాగంలోకి వెళ్లాయో అక్కడే తెలుస్తుంది. మీభూమి వెబ్‌సైటులో కొన్ని రికార్డులు కనిపిస్తాయి. మిగతావి తహసీల్దారు కార్యాలయం నుంచి సమాచార హక్కు చట్టం కింద నకళ్లుగా తీసుకోవచ్చు. నూజివీడు 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లాలో చేరింది. అంతకు ముందు జిల్లా కేంద్రం మచిలీపట్నం. పాత కాగితం కోసం రెండు చోట్లా అడగాలి.

సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటాలు మరో ఆధారం. నూజివీడు పట్టణం 65 డి/13 షీటులో ఉంది. ఈ పటాల్లో సమాధులకు, గోరీలకు ప్రత్యేక గుర్తులుంటాయి. పాత ముద్రణలో గుర్తు ఉండి, నేలమీద ఇప్పుడు తోట మాత్రమే ఉన్న చోటు కనబడితే అక్కడికి వెళ్లి విచారించాలి. వేరువేరు సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే గత ఇరవై ఏళ్ల ఆక్రమణ అంగుళం అంగుళం కనిపిస్తుంది. చెట్ల వరుసలు శ్మశానం హద్దు దాటి లోపలికి జరగడం పైనుంచి స్పష్టంగా తెలుస్తుంది.

రాష్ట్రంలో సమగ్ర భూముల రీసర్వే 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలైంది. డ్రోన్లతో, ఉపగ్రహ సంకేతాలతో హద్దులు కొలిచే ఈ ప్రక్రియ శ్మశానాలకు మంచి అవకాశం, పెద్ద ప్రమాదం కూడా. కొలత రోజున ఊరివాళ్లు దగ్గరుండి హద్దు చూపిస్తే తప్పిపోయిన స్థలం తిరిగి రికార్డుకెక్కుతుంది. ఎవరూ రాకపోతే ఆక్రమణే కొత్త పటంలో హద్దుగా స్థిరపడుతుంది. పట్టాదారు తన కమతం కొలిచేటప్పుడు పనులు మానుకుని వచ్చి నిలబడతాడు. వల్లకాటికి అలా నిలబడే బాధ్యత పంచాయతీది.

దేనివల్ల పోతున్నాయి

మామిడి చెట్టు ఉన్నన్నాళ్లూ దాని కింది సమాధికి రక్షణ ఉంది. పాత పద్ధతిలో చెట్టుకూ చెట్టుకూ పది మీటర్ల దాకా ఎడం ఉండేది. నాగలి పైపైనే తిరిగేది, సమాధి చుట్టూ దున్ని వదిలేసేవారు. మామిడి గిట్టుబాటు కాక ముసలి తోటలు కొట్టేసి ఆయిల్‌పామ్, మొక్కజొన్న వేస్తున్న చోట్ల జేసీబీతో మొద్దులు పెకలిస్తున్నారు. మొద్దుతోపాటు దాని మొదట్లో ఉన్న ఇటుకల గద్దె కూడా లేస్తుంది. చేసేవారికి దురుద్దేశం ఏమీ ఉండదు, అది ఏమిటో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. తోటలు ఏటా కాపు మీద గుత్తకు పోతాయి కాబట్టి యజమాని నెలల తరబడి తోట ముఖం చూడకపోవడం మామూలే. ఏ చెట్టు కింద ఏముందో కాపలా కుటుంబానికే బాగా తెలుసు. నమోదు చేసేవాళ్లు యజమానికన్నా ముందు వాళ్లను పలకరించాలి.

ఎర్ర గ్రావెల్ తవ్వకాలు మరో ముప్పు. మెట్ట దిబ్బల్లో శ్మశానాలుండటం సహజం, గ్రావెల్ దొరికేదీ అక్కడే. రోడ్ల వెడల్పు, కాలువల తవ్వకం, ప్లాట్ల వెంచర్లు తలా కొంత తీసుకుంటున్నాయి. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు వంటి వాగుల గట్లమీది వల్లకాళ్లకు వరదతోనూ కోత ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గట్లు తెగినప్పుడు వాగు ఒక్క రాత్రిలో ఎంత నేలను మార్చగలదో ఈ ప్రాంతమంతా చూసింది.

అన్నిటికన్నా బాధపెట్టేది అభివృద్ధి పేరిట జరిగే నష్టం. శ్మశానం బాగుచేయాలని నిధులు వస్తాయి. మొదటి రోజు యంత్రం వచ్చి ముళ్లకంపతోపాటు దిబ్బలన్నీ చదును చేస్తుంది. తర్వాత గేటు, దహన వేదిక, సిమెంటు బల్లలు వస్తాయి. తెలంగాణలో ప్రతి గ్రామ పంచాయతీకీ ఒక వైకుంఠధామం కట్టారు. అంత్యక్రియలకు నీడ, నీళ్లు, దారి లేని పల్లెలకు అది నిజమైన మేలు. అలాంటి పని మొదలుపెట్టే ముందు ఉన్న సమాధులను లెక్కించి పటం గీయమన్న ఒక్క నిబంధన పెడితే ఆ మేలుకు లోటు ఉండదు. కంప చేత్తో కొట్టించాలి, వేళ్లు పెకలించకుండా మొదలు దాకా నరకాలి. ఉపాధి హామీ కూలీలతో ఈ పని చక్కగా అవుతుంది.

నమోదు చేసే తీరు

మంచి సమయం మాఘ, ఫాల్గుణాలు. వానలకు పెరిగిన గడ్డి ఎండి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు, కోతలు మొదలై ఊరంతా తోటల్లో తలమునకలు కాకముందు మనుషులు దొరుకుతారు. కుటుంబాలను కలవడానికి మాత్రం పండుగలే అదను. నవంబరు 2న కథోలికుల సమాధుల పండుగకు, ఈస్టరు తెల్లవారుజామున, షబ్-ఎ-బరాత్ రాత్రి తమవారి సమాధి దగ్గరికి దూర ఊళ్ల నుంచి కూడా వస్తారు. ఎవరు ఏ సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించారో చూసి, వారిని నెమ్మదిగా అడిగితే రాతలేని సమాధులకు కూడా పేర్లు దొరుకుతాయి.

మొదట స్థలానికి కొలతలతో పటం గీయాలి. కదలని గుర్తులు, అంటే సర్వే రాయి, మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే ట్రైజంక్షన్ రాయి, కల్వర్టు, బావి ఒర, వీటి నుంచి టేపుతో దూరాలు తీసుకోవాలి. ఫోన్‌లోని జీపీఎస్ కొన్ని మీటర్ల తేడా చూపిస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు సమాధులను వేరుచేయడానికి అది చాలదు, టేపు తప్పనిసరి. సమాధులకు వరుస, సంఖ్య ఇవ్వాలి. సంఖ్యను రంగుతో సమాధి మీద రాయకూడదు. పటం మీద రాసి, ఫొటో తీసేటప్పుడు సంఖ్య రాసిన పలకను పక్కన పెడితే చాలు. ప్రతి సమాధికీ పొడవు, వెడల్పు, దిక్కు, కట్టుబడి, పగుళ్లు, మీద మొలిచిన చెట్టు రాసుకోవాలి. రాతలేని దిబ్బ, కుంగిన గుంట, తల దగ్గర రాయి, పాత దేవగన్నేరు, ఇవన్నీ సమాధి గుర్తులే. వాటికీ సంఖ్య ఇవ్వాలి. గునపంతో పొడిచి చూడటం, తవ్వడం ఎంతమాత్రం పనికిరాదు.

రాతలను అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాయాలి. తప్పు ఒత్తులు, పాత గుణింతాలు, విరిగిన పంక్తులు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. చెరిగిన చోట చుక్కలు పెట్టాలి, ఊహించి పూరించకూడదు. ఏటా వేసే సున్నం అక్షరాల గుంటల్లో పేరుకుపోయి రాత కనిపించదు. దాన్ని గోకడం కన్నా పొద్దున్నే, సాయంత్రం ఏటవాలు వెలుగులో ఫొటో తీయడం మేలు. మిట్ట మధ్యాహ్నమైతే అద్దంతో వెలుతురును పక్కనుంచి పడేటట్టు చేయవచ్చు. అక్షరాలు తేలడానికి సుద్ద, పసుపు, పిండి రాయవద్దు. అవి రాతి రంధ్రాల్లో చేరి నాచుకు ఆధారమవుతాయి. శుభ్రం చేయాల్సివస్తే మంచినీళ్లు, మెత్తని కుంచె, ఓపిక ఉంటే చాలు. ఇనుప బ్రష్, యాసిడ్, బ్లీచింగ్ పొడి ఒక్కసారి వాడినా నాపరాయి పైపొర పోతుంది. సున్నపు కట్టుబడి పగిలితే సున్నంతోనే పూయాలి. పైన సిమెంటు పూస్తే లోపలి తేమ బయటకు రాక ఇటుక పొడిపొడిగా రాలుతుంది.

తేదీల దగ్గర చాలా జాగ్రత్త కావాలి. తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉన్న రాళ్లుంటాయి. రక్తాక్షి అని ఉంటే అది 1864-65 కావచ్చు, 1924-25 కావచ్చు, 1984-85 కూడా కావచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. ఇటుకల కొలత, లిపి తీరు, పక్క సమాధుల కాలం, కుటుంబం చెప్పే తరాల లెక్క కలిపి చూస్తే ఏ చక్రమో తేలుతుంది. బందరు ఉప్పెన వచ్చింది 1864 నవంబరులో, అంటే రక్తాక్షిలోనే. ఆ పేరు కనిపించగానే ఉప్పెనలో పోయినవారని రాసేసే తొందర పనికిరాదు. శక సంవత్సరానికి 78, ఫసలీకి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. హిజ్రీకి ఇలాంటి కూడిక పనిచేయదు. అది చాంద్రమాన సంవత్సరం, మన ఏడాదికన్నా పదకొండు రోజులు తక్కువ. హిజ్రీ 1300 మొదలైంది 1882 నవంబరులో. తెలుగు అంకెల్లో చెక్కినచోట అరిగిపోయిన ఒకటిని సున్నాగా చదివే ప్రమాదం ఉంది కాబట్టి ఇద్దరు విడివిడిగా చదివి పోల్చుకోవాలి.

రాతికన్నా ముందు పోయేది నోటి మాట. ఏ వరుస ఎవరి ఇంటిపేరువారిది, కలరా ఏడాదిలో పోయినవాళ్లను ఎక్కడ పూడ్చారు, పాత దారి ఎటునుంచి ఉండేది, ఇవి గుంట తవ్వే కుటుంబాలవారికి తెలిసినంతగా మరెవరికీ తెలియవు. తండ్రి తర్వాత కొడుకుగా ఆ పని చేసినవారి జ్ఞాపకంలో శ్మశానం పటం మొత్తం ఉంటుంది. వారి మాటలు వారి అనుమతితో రికార్డు చేసి, వారి పేరు నమోదు పుస్తకంలో మొదటి పుటలో రాయాలి. ఊరు వారికి ఇవ్వని గౌరవం కనీసం ఈ పుస్తకమైనా ఇవ్వాలి.

నోటి మాటను సరిచూసుకోవడానికి కాగితాలున్నాయి. గ్రామాల్లో జనన మరణాల లెక్కలు ఒకప్పుడు గ్రామాధికారులు రాసేవారు. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. చర్చిల బాప్తిస్మ, భూస్థాపన పుస్తకాలు చాలాచోట్ల పాస్టర్ల బీరువాల్లో ఉన్నాయి. మద్రాసు రాజధాని చర్చి రికార్డుల ప్రతులు బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరుస కింద ఉన్నాయి. ఇటీవల చనిపోయినవారి వివరాలు, మరణ కారణాలు ప్రచురించే ముందు కుటుంబాన్ని అడిగి తీరాలి. ఆత్మహత్య, అంటువ్యాధి, పసిబిడ్డ మరణం వంటివి నమోదు చేసినా బయటపెట్టకపోవడం మర్యాద.

చట్టం ఇచ్చే అండ

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లోని 58వ సెక్షన్ కొన్ని పోరంబోకులను గ్రామ పంచాయతీకి దఖలు పరుస్తుంది. పచ్చిక బయళ్లు, కళ్లాలు, పశువుల మందబయళ్లు, తోపులతోపాటు శ్మశానాలు కూడా అందులో ఉన్నాయి. శ్మశానాల నిర్వహణ పంచాయతీ విధుల్లోనూ ఒకటి. ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి గ్రామానికి తిరిగి అప్పగించాలని 2011 జనవరి 28న జగపాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. శ్మశానం సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో ఉందో లేదో పంచాయతీ చూసుకోవాలి. లేకపోతే చేర్చమని కలెక్టరుకు రాయాలి. అమ్మకం దస్తావేజు రిజిస్టరు కాకుండా ఆపే ఆచరణాత్మకమైన సాధనం ఇదే. సమాధుల స్థలంలోకి ఇతరుల మనసు నొప్పించే ఉద్దేశంతో చొరబడటం, అవశేషాలను అవమానించడం నేరం. పాత శిక్షాస్మృతిలో 297వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 301వ సెక్షన్.

ఖబరస్తాన్లు వక్ఫ్ ఆస్తులుగా నమోదై ఉంటే వక్ఫ్ చట్టం వర్తిస్తుంది. మసీదు కమిటీ తన దగ్గరున్న గెజిట్ నకలును రెవెన్యూ నంబరుతో సరిపోల్చుకోవాలి. రెండిట్లో విస్తీర్ణం వేరుగా ఉంటే ముందే సరిచేయించుకోవాలి. దక్షిణ ఇండియా సంఘానికి చెందిన సమాధుల తోటలు చాలావాటికి ఆస్తిహక్కు సంఘం ట్రస్టు పేరిట ఉంటుంది, స్వతంత్ర సంఘాలవి తరచుగా ఒక వ్యక్తి పేరుమీదే ఉంటాయి. ఆ వ్యక్తి తర్వాత వారసులు అమ్ముకునే అవకాశం ఉంది కాబట్టి అలాంటివి సంఘం పేరుకు మార్పించుకోవడం అత్యవసరం. చారిత్రక ప్రాముఖ్యం నిరూపించగలిగిన పాత సమాధులకు రాష్ట్ర పురావస్తు చట్టం 1960 కింద రక్షణ కోరవచ్చు.

సొంత తోటలోని సమాధికి ఈ చట్టాల అండ తక్కువ, దస్తావేజే దిక్కు. తోట అమ్మేటప్పుడు సమాధి ఉన్న రెండు మూడు సెంట్లను కొలతలతో, చెక్కుబందీతో మినహాయించి రాయించాలి. అక్కడికి వెళ్లే దారి హక్కును కూడా అదే దస్తావేజులో చేర్చాలి. దారి రాయకపోతే మిగిలిన రెండు సెంట్ల వల్ల ఉపయోగం ఉండదు. అన్నదమ్ముల పంపకాల్లోనూ సమాధి చోటును ఏ ఒక్కరి వాటాలోనూ కలపకుండా ఉమ్మడిగా ఉంచడం ఈ సీమలో పెద్దలు పాటించిన పద్ధతి. దాన్ని పంపకాల పత్రంలోకి ఎక్కిస్తే సరిపోతుంది.

నకళ్లు

ఒకే చోట దాచిన రికార్డుకు భద్రత లేదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి వేల రెవెన్యూ దస్త్రాలు బూడిదయ్యాయి. శ్మశానం నమోదు పుస్తకం ఒక ప్రతి పంచాయతీ కార్యాలయంలో, ఒకటి తహసీల్దారు దగ్గర రసీదు తీసుకుని, ఒకటి సంఘం లేక కమిటీ దగ్గర, ఒకటి ఊరి హైస్కూలు గ్రంథాలయంలో ఉండాలి. ఫొటోలు ఫోన్లలో కాకుండా విడిగా డిస్కులో, అంతర్జాలంలో ఉచితంగా భద్రపరిచే చోట ఉంచాలి. ప్రతి ఫొటో పేరులో ఊరు, వరుస, సంఖ్య, తేదీ ఉంటేనే అది యాభై ఏళ్ల తర్వాత పనికొస్తుంది. పంచాయతీకి ఇచ్చిన ప్రతిని గ్రామసభలో చదివి తీర్మానం చేయిస్తే సర్పంచి మారినా, కార్యదర్శి బదిలీ అయినా దానికి అధికారిక ఉనికి ఉంటుంది. కొత్త సమాధులను ఏటా పెద్దల అమావాస్య తర్వాత ఒకసారి, సమాధుల పండుగ తర్వాత ఒకసారి చేర్చుకుంటూ పోవాలి. ఆ పని ఎవరిదో, వారు లేనప్పుడు ఎవరు చూస్తారో అదే తీర్మానంలో రాయించుకోవాలి.